పాకం పట్టిన ఏడాది

మా ఆవిడ చనిపోయి ఏడాది తిరగకముందే మా ఇంట్లో బెల్లం పాకం పట్టాను. ఒకసారి కాదు, చాలాసార్లు. దొంగచాటుగా చేసిన పని కూడా కాదు. మా వంటింటి కిటికీ వీధి వైపు ఉంటుంది. పాకం వాసన దాచితే దాగేది కాదు.

మా వైపు పద్ధతి తెలియనివాళ్ళకి ఒక సంగతి చెప్పాలి. ఇంట్లో మనిషి చనిపోతే ఏడాది పాటు ఆ ఇంట్లో పిండివంటలు చేయరు. పండగొస్తే చుట్టాలు తమ ఇళ్ళలో చేసి తెచ్చి పెడతారు. తినడానికి అభ్యంతరం లేదు. ఆ ఇంటి పొయ్యి మీద చేయడానికే అభ్యంతరం. ఆ ఇంట్లో చేసిన తీపిని బయటివాళ్ళు తీసుకోరు కూడా. ఎందుకని అడిగితే ఎవరూ కారణం చెప్పరు, గొంతు తగ్గిస్తారు.

మా ఊరు గుంటూరుకీ మంగళగిరికీ మధ్య. నేను గుంటూరులో ఒక మిర్చి కోల్డ్ స్టోరేజీలో ఉద్యోగం చేసి రిటైరయ్యాను. ఆవిడ పక్క ఊళ్ళో స్కూలు టీచరు. మాకు పిల్లలు లేరు. తమ్ముడూ మరదలూ అదే వీధిలో నాలుగిళ్ళ అవతల ఉంటారు. ఇద్దరి పొలమూ తమ్ముడే చేస్తాడు, కొంత పత్తి, మిగతాదంతా మిరప. నిరుడు పత్తి గింజలు పెట్టే రోజుల్లో ఆవిడకి గుండెపోటు వచ్చింది. ఆస్పత్రికి చేరేలోపే చనిపోయింది. దాని గురించి ఇంతకంటే రాయను.

సెంటర్లో ఫ్లెక్సీ కట్టిస్తానన్నాడు తమ్ముడు. వద్దన్నాను. ఫ్లెక్సీ మీద ఏం రాయిస్తారో నాకు తెలుసు. పిల్లలు వ్యాసాల్లో అలాంటి మాటలు రాస్తే ఆవిడ కింద ఎర్రగీత గీసి, 'నువ్వు చూసింది రాయి' అని పక్కన రాసేది.

పెద్దకర్మ అయిన మర్నాడు తమ్ముడు వచ్చి వసారాలో కూర్చున్నాడు.

"అన్నయ్యా, ఇక నీ భోజనం మా ఇంట్లోనే. రాలేనంటే క్యారేజీ తెస్తా."

"నాకు అన్నం వండుకోవడం వచ్చు."

"వచ్చులే. ఒక్కడివి పొయ్యి దగ్గర నిలబడితే చూసేవాళ్ళు ఏమంటారు? తమ్ముడుండి కూడు పెట్టలేదనరూ?" తర్వాత అసలు మాట చెప్పాడు. "వంటిల్లూ వెనక గదీ కలిపి పోర్షన్ చేద్దాం. మంగళగిరి ఆఫీసుల్లో చేసేవాళ్ళు ఇళ్ళు దొరక్క ఇక్కడిదాకా వస్తున్నారు. ఇంట్లో ఒక సంసారం తిరుగుతుంటే నీకూ తోడుగా ఉంటది."

నేను మాట్లాడలేదు. మా ఇంట్లో నేను మాట్లాడకపోవడాన్ని ఒప్పుకోవడంగా తీసుకోవడం చిన్నప్పటి నుంచీ అలవాటు. వాడు తృప్తిగా వెళ్ళాడు. మధ్యాహ్నం నుంచి క్యారేజీ రావడం మొదలైంది.

తమ్ముడు చెడ్డవాడు కాదు. మరదలి చేతి వంట బాగుంటుంది. కానీ వాళ్ళు అడుగుతున్నది ఆ వంటగది. మా ఇంట్లో ఆవిడ నాతో మాట్లాడింది ఎక్కువగా ఆ గదిలోనే. ఆవిడ వంట చేస్తుంటే నేను గడప దగ్గర కుర్చీ వేసుకుని ఏదో ఒక పుస్తకం చదివి వినిపించేవాణ్ణి. నచ్చకపోతే గరిటెతో బాణలి అంచు మీద కొట్టేది, ఆపమని. నా కళ్ళు పుస్తకం మీద ఉండేవి. అందుకని ఆవిడ వంటల చప్పుళ్ళు నాకు తెలుసు, కొలతలు తెలియవు.

ఆవిడ స్కూలుకి ఒక స్టీలు డబ్బాలో అచ్చులు తీసుకెళ్ళేది. సాయంత్రం బస్సు ఎప్పుడొస్తుందో తెలియదు, ఆకలికి అవి. వేరుశనగపప్పుతో పాకం పట్టి కోసే మామూలు అచ్చులు కావు. ఒకసారి గుంటూరు సూపర్ మార్కెట్లో మెరిసే కాగితం చుట్టిన గ్రనోలా బార్ ఒకటి కొన్నది. అక్కడే, మెట్ల మీద నిలబడి సగం తిని, మిగతా సగం నా చేతిలో పెట్టింది.

"ఇది మన అచ్చేనండీ. పాకం ముదరకముందే దించేశారు, అంతే."

ఆ ఆదివారమే మొదలుపెట్టింది. ఓట్స్ వేయించింది. వేరుశనగపప్పు వేయించి పొట్టు ఊదింది. వేటపాలెం వెళ్ళొచ్చే తోటి టీచరు చేత జీడిపప్పు తెప్పించింది, గుళ్ళు కాదు, విరిగిన బద్దలు. నువ్వులు, గుమ్మడి గింజలు, గింజ తీసిన ఖర్జూరం, ఎండుద్రాక్ష. చలికాలంలో పెరట్లో సపోటాలు కాస్తే తొక్క తీసి, చక్రాలుగా కోసి, మేడ మీద ఎండబెట్టి అవీ వేసేది. పాకం దగ్గరే ఉంది అంతా. వేరుశనగ అచ్చులకైతే నీళ్ళలో వేసిన పాకం గట్టిపడి, తీసి పళ్ళెంలో పడేస్తే టంగుమని మోగాలి. వీటికి అలా మోగకూడదు. నీళ్ళలో వేసింది వేళ్ళకి ఉండగా దొరకాలి, నొక్కితే అణగాలి. ఆ రెంటికీ మధ్య వ్యవధి చాలా తక్కువ. ఆ కాసేపూ నేను చదువుతుంటే గరిటె మోగేది.

ఆవిడ చనిపోయేనాటికి డబ్బాలో కొన్ని అచ్చులున్నాయి. పెద్దకర్మ అయ్యాక రోజుకొకటి తిన్నాను. ఆఖరిది కూడా తిన్నాను. దాచుకోమని ఎవరైనా సలహా ఇచ్చేవారేమో. అది తినడానికి చేసింది, దాచడానికి కాదు. డబ్బా కడిగి బోర్లించాను. ఇంకా తినాలనిపించింది. అందులో సిగ్గుపడాల్సింది ఏమీ కనిపించలేదు. బజారుకెళ్ళి బెల్లం తెచ్చాను.

మొదటిసారి పాకం ముదిరింది. కత్తి దిగలేదు. పళ్ళెం బోర్లించి పచ్చడిబండతో కొడితే పళ్ళెం సొట్టపోయింది గానీ అచ్చు పగల్లేదు. ఎండలో పెట్టి, అంచులు విరిచి, చప్పరించి తిన్నాను. రెండోసారి భయపడి ముందే దించాను. అది అసలు బిగుసుకోలేదు. గిన్నెలో వేసుకుని పాలు పోసుకుని చెంచాతో తిన్నాను. మూడోసారి ముక్కలుగా తెగింది. కోణాలు సరిగ్గా రాలేదు, కానీ ముక్కలే.

ఆ మధ్యాహ్నం తమ్ముడు బండి మీద క్యారేజీ తెచ్చి, ముందురోజుది తీసుకెళ్ళడానికి నిలబడ్డాడు. ఎవరైనా ఏదైనా పంపితే గిన్నె ఖాళీగా తిప్పి పంపడం ఆవిడకి చేతనయ్యేది కాదు. ఏమీ లేకపోతే పెరట్లోకి వెళ్ళి నాలుగు కరివేపాకు రెబ్బలైనా తెంపి వేసేది. నేను పై గిన్నెలో నాలుగు అచ్చులు పెట్టి మూత వేసి ఇచ్చాను.

మర్నాడు క్యారేజీ విప్పితే అన్నం మీద కాగితంలో చుట్టిన పొట్లం ఉంది. అవే నాలుగు అచ్చులు.

మరదలి ఇబ్బంది నాకు అర్థమైంది. ఏడాది లోపు ఇంటి తీపి, తినలేదు. తిండి, పారేయలేదు. తిప్పి పంపింది. నేను మళ్ళీ పెట్టాను. మళ్ళీ తిరిగొచ్చాయి. అలా కొన్ని వారాలు సాగింది. ఇద్దరం ఒక్క మాట అనుకోలేదు. మధ్యలో మోసేవాడు మాత్రం విసిగిపోయాడు.

"అన్నయ్యా, అవి పెట్టకు. అది ఇబ్బంది పడతంది."

"పారేయమను."

"తిండి పారేస్తారా ఎవరన్నా?"

"అయితే తినమను."

"ఏడాది వెళ్ళనియ్. నువ్వు లడ్లు చుట్టినా తింటాం."

"ఏడాది వెళ్ళాక నేను చేయకపోవచ్చు."

"నీకేమైందసలు? ఈ వయసులో ఈ పట్టుదల దేనికి?"

దేనికో వాడికి అప్పుడు చెప్పలేకపోయాను. ఇప్పుడు రాయగలను. ఏడాది పాటు అందరూ నాకు పెట్టవచ్చు, నేను ఎవరికీ పెట్టకూడదు. పులిహోర తెస్తారు, బొబ్బట్లు తెస్తారు, పక్కన కూర్చుని తినేదాకా చూస్తారు. నా చేయి ఏడాది పాటు చాపడానికే. ఆవిడ చనిపోవడంలో నా ప్రమేయం లేదు. దాన్ని నేను ఒప్పుకున్నా ఒప్పుకోకపోయినా జరిగిపోయింది. కానీ చేయి చాపి కూర్చోవడానికి నేను ఒప్పుకోవాలి. ఒప్పుకోలేదు.

చలికాలం వచ్చింది. పెరట్లో సపోటాలు కాశాయి. ఆవిడ చేసినట్టే తొక్క తీసి చక్రాలుగా కోశాను. పరచడానికి ఏదైనా కావాలి. వెనక చావిట్లో మడత పెట్టిన నీలం టార్పాలిన్ పట్టా ఒకటి కనిపించింది. దుమ్ము దులిపి, తడిగుడ్డతో రెండుసార్లు తుడిచి మేడ మీద పరిచాను. నాలుగు ఎండలకి ముక్కలు చక్కగా ముడుచుకున్నాయి. పాకం పట్టి, అవి కలిపి, పళ్ళెంలో అదిమి కోసేసరికి బండి చప్పుడైంది. రుచి చూడకుండానే క్యారేజీలో పెట్టి పంపించాను.

మర్నాడు అన్నం మీద పొట్లం ఉంది. విప్పి చూస్తే మూడే ఉన్నాయి. తినబోతుంటే గేటు చప్పుడైంది. మరదలు స్వయంగా వచ్చింది. గుమ్మం దగ్గరే నిలబడింది.

"బావగారూ, ఒక మాట అడుగుతా, ఏమీ అనుకోబాకండి. ఆ అచ్చుల్లో కారం ఎందుకేశారండీ?"

"కారమా? వేయలేదే."

"వేయకపోతే నోరెట్టా మండుద్దండీ?"

"ఎవరి నోరమ్మా?"

మరదలు గోడ వంక చూసింది. నేను కూడా కాసేపు గోడ వంకే చూశాను.

"సగం ముక్కండీ," అంది చివరికి. "పొలం నుంచి ఆకలేసి వచ్చా. చేతికి అదే తగిలింది. సంగతి చెప్పండి ముందు. ఏమేశారు దాంట్లో?"

నేను ఒక ముక్క నోట్లో పెట్టుకున్నాను. ముందు బెల్లం, తర్వాత జీడిపప్పు, ఆ తర్వాత మంట. గొంతు దాకా వెళ్ళింది. దగ్గు ఆగలేదు. మరదలు లోపలికొచ్చి నీళ్ళు ముంచి ఇచ్చింది. ఆవిడ చనిపోయాక మరదలు ఆ వంటింట్లో అడుగుపెట్టడం అదే మొదటిసారి అనుకుంటాను.

"సపోటా ఎక్కడ ఎండబెట్టారు?"

"మేడ మీద."

"దేని మీదండీ?"

"చావిట్లో పట్టా ఉంటే, దాని మీద."

"నీలం పట్టానా?"

"అవును. తుడిచాను."

మరదలు కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. అయినా నవ్వు ఆగలేదు. "నిరుడు మిరపకాయలన్నీ దాని మీదేగా ఎండింది. మిరప పట్టా తుడిస్తే పోద్దా బావగారూ? గోడకేసి ఉతికినా పోదు. అక్క ఉంటే ఆ పట్టా తెచ్చి మీ నెత్తినేసేది."

"వేసేది," అన్నాను.

మా ప్రాంతంలో ప్రతి ఇంట్లోనూ ఒక మిరప పట్టా ఉంటుంది. దాని మీద వడియాలు కూడా పెట్టరు. జీవితమంతా నేను మిరపకాయల్ని బస్తాల్లోనే చూశాను, బస్తా కుట్టకముందు సంగతులు నాకు తెలియవు. కొంచెంసేపయ్యాక ఆ నవ్వు నాక్కూడా వచ్చింది. ఆ ఇంట్లో ఇద్దరు కలిసి నవ్వి చాలా రోజులైంది.

"కారం సంగతి వదిలేయ్. ఆవిడ చేసినట్టు ఉందా?"

"లేదండీ. అక్కది ఇంకాస్త మెత్తన. మీరు ముదరనిస్తన్నారు." వెళ్ళబోతూ పళ్ళెం వంక చూసింది. "ఇవన్నీ ఏం చేస్తారు?"

"తింటాను."

"ఒక రెండు ఇటివ్వండి. ఇంటికి కాదులెండి. పొలం గట్టు మీద తింటా. గట్టుకి మైల ఏముంది?" కొంగున మూట కట్టుకుని, "ఆయనతో అనబాకండి," అని వెళ్ళిపోయింది.

ఆ తర్వాత పొట్లాలు తిరిగి రావడం ఆగింది. మరదలు గట్టు మీద తినేదాకానే వచ్చింది, గుమ్మం లోపల తినేదాకా రాలేదు. అది చాలనుకోలేదు నేను. కానీ ఊరుకున్నాను.

మిరప కోతలు మొదలైన వారంలో తమ్ముడు ముందు చెప్పకుండా ఇద్దరిని తీసుకొచ్చాడు. పోర్షన్ చూడటానికి. కుర్రాడిది మంగళగిరిలో ఉద్యోగం, పక్కన భార్య. వాళ్ళు గేటు తీసే వేళకి నా పొయ్యి మీద బెల్లం పొంగుతోంది.

"అన్నయ్యా," అని వసారాలోంచి పిలిచాడు. నేను కదల్లేదు. పాకం పొయ్యి మీద ఉండగా కదలకూడదు. వాళ్ళే వంటింటి గడప దాకా వచ్చారు.

"అన్నయ్యా, వీళ్ళు ఇల్లు చూడటానికొచ్చారు. ఇదేనండీ వంటిల్లు, ఆ తలుపు వెనక..."

"చెప్పులిప్పి లోపలికి రా," అన్నాను. "ఆ పళ్ళేనికి నెయ్యి రాయి."

"ఏంటీ?"

"పాకం వచ్చేస్తోంది. నెయ్యి రాయి."

ఎందుకో మరి, రాశాడు. చిన్నప్పుడు నేను చెప్పిన పని ముందు చేసి తర్వాత తిట్టేవాడు. నీళ్ళలో చుక్క వేసి చూశాను. వేళ్ళకి దొరికింది, నొక్కితే అణిగింది. స్టవ్ కట్టేశాను.

"అంచులకి కూడా."

అంచులకి కూడా రాశాడు. పప్పులూ పండ్లూ ఓట్సూ పోసి తిప్పి, పళ్ళెంలోకి వంచాను. గిన్నె అడుగుతో అదమమన్నాను. అదిమాడు. వచ్చినవాళ్ళు గడప అవతల నిలబడి చూస్తున్నారు.

"గ్రనోలా బార్సా అంకుల్?" అని అడిగింది ఆ అమ్మాయి.

"ఆ పేరు కూడా ఉందమ్మా."

"ఈ గదేనాండీ ఇచ్చేది?" అన్నాడు కుర్రాడు.

"కాదండీ. ఈ గది ఇవ్వడం లేదు. ఇందులో వంట జరుగుతోంది. ఎండలో వచ్చారు, ఆరేదాకా ఉండి రెండు తిని వెళ్ళండి."

తమ్ముడు గిన్నె కింద పెట్టాడు. వాళ్ళ వైపు తిరిగి, గొంతు తగ్గించి, "ఏడాది లోపు ఇల్లండీ. మా వదిన..." అన్నాడు. ఆ అమ్మాయి భర్త వంక చూసింది. మరోసారి తింటామని మర్యాదగా చెప్పి వెళ్ళిపోయారు.

వాళ్ళు మలుపు తిరిగాక తమ్ముడు వెనక్కొచ్చాడు. "పరాయివాళ్ళ ముందు పరువు తీశావు. ముందే వద్దని చావొచ్చుగా?"

"ముందే చెప్పాల్సింది. ఇప్పుడు చెబుతున్నా. వద్దు."

"నీ కోసం కాకపోతే నాకేంటి? తిన్నావో లేదో చూసేవాళ్ళుండరు, పడితే లేపేవాళ్ళుండరు..."

"నీ అన్నం తిన్నాన్రా ఇన్నాళ్ళూ. కాదనలేదు. నేను పెట్టింది నువ్వు ఒక్కటి తినలేదు. నేను పెట్టేది ఈ ఇంట్లో కూర్చుని తిననంత కాలం నీ క్యారేజీ నాకొద్దు."

"అయితే తేనులే," అన్నాడు. చెప్పులు సగం తొడుక్కునే వెళ్ళిపోయాడు.

నిజంగానే తేలేదు. నేను అన్నం వండుకున్నాను. పప్పు పొంగించుకున్నాను, వంకాయ మాడ్చుకున్నాను. వీధిలో ఏమనుకున్నారో నాకు తెలియదు, కనుక్కోలేదు. సాయంత్రాలు గడప దగ్గర కుర్చీలో కూర్చుని చదువుకున్నాను, పైకే. గరిటె చప్పుడు లేకపోవడం పెద్ద సంగతే. అది లేదని ఆ గదికి తలుపు వేస్తే, చప్పుడుతో పాటు గదీ పోతుంది. ఆ రెండో నష్టం నేను భరించాల్సిన పని లేదు.

కోతలు సగమయ్యాయి. ఊరంతా ఘాటు. తుమ్మకుండా వీధి దాటేవాళ్ళు లేరు. ఒక మధ్యాహ్నం గేటు ముందు బండి ఆగింది. తమ్ముడు మొహానికి తువ్వాలు కట్టుకుని, చేతిలో క్యారేజీతో వచ్చాడు. అరుగు మీద పెట్టి, తువ్వాలు విప్పి మొహం తుడుచుకున్నాడు.

"మీ మరదలు పంపింది."

"చెప్పాగా నీకు."

"తీసి చూడు ముందు."

కింది గిన్నెలో అన్నం లేదు. బెల్లం ముక్కలున్నాయి, కొట్టి పెట్టినవి. మధ్య గిన్నెలో జీడిపప్పు బద్దలు. పై గిన్నెలో ఖర్జూరం, గింజలు తీసి.

"కోత కోసేవాళ్ళు అడుగుతున్నారంట, ఇంకా లేవా అని," అన్నాడు వేరే వైపు చూస్తూ. "గట్టు మీద అందరికీ పంచుతంది. మొన్న నాకూ ఒకటి పెట్టింది."

"తిన్నావా?"

"తిన్నా. గట్టు మీద." చెప్పుతో నేల గీశాడు. "మొదట్లో కారంగా ఉండేవంటగా. ఆ ఆడోళ్ళకి అవే బాగున్నాయంట."

"నేను గట్టు సంగతి అడగలేదు నిన్ను."

నేను క్యారేజీ తీసుకుని లోపలికి వెళ్ళాను. బాణలి పెట్టి, బెల్లం వేసి, కాసిని నీళ్ళు పోసి స్టవ్ వెలిగించాను. వసారాలోంచి బండి తాళం చెవి చేతిలో తిప్పుతున్న చప్పుడు వినిపించింది. తర్వాత చెప్పులు విప్పిన చప్పుడు. వాడు లోపలికొచ్చి, గోడకి ఆనించి ఉన్న సొట్ట పళ్ళెం తీసుకుని, నెయ్యి గిన్నె కోసం చుట్టూ చూశాడు.

"అంచులకి కూడా," అన్నాను.

"తెలుసులే."

కోసేటప్పుడు అంచున ఒక ముక్క విరిగింది. ఇంకా వేడిగానే ఉంది. దాన్ని వాడి ముందుకు జరిపాను. ఆవిడ సంవత్సరీకానికి ఇంకా మూడు నెలలుంది. ఆ లెక్క వాడికీ తెలుసు. కుర్చీ గడప దగ్గర నుంచి లోపలికి లాక్కుని కూర్చుని, ఊదుకుంటూ తిన్నాడు.